ఆ రాత్రి ఎవరింట్లో ఎవరున్నారు?

ఎడిన్‌బరాలో ప్రిన్సెస్ స్ట్రీట్ తూర్పు కొసన బాల్మొరల్ హోటల్ ఉంది. దాని గడియారం ఎప్పుడూ మూడు నిమిషాలు ముందుంటుంది. పక్కనే పల్లంలో ఉన్న వేవర్లీ స్టేషన్‌లో జనానికి రైలు తప్పిపోకూడదని అలా పెట్టారు. ఏడాదికోసారి, డిసెంబరు 31 రాత్రి మాత్రం సరైన టైము చూపిస్తుంది. ఊరందరికీ తెలిసిన అబద్ధం కనుక ఎవరికీ ఇబ్బంది లేదు. రోడ్డు దాటితే గుర్రమెక్కిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ కంచు విగ్రహం, దాని వెనక గుమ్మటమున్న పాత రాతి భవనం కనిపిస్తాయి. ఆ భవనం పేరు జనరల్ రిజిస్టర్ హౌస్. స్కాట్లాండ్ దేశపు దస్తావేజుల కొట్టు అది. అక్కడి కాగితాల్లో దొరికే అబద్ధాలు మూడు నిమిషాలతో పోయేవి కావు. పదేళ్ల కాలంలో ఏడేళ్లే పెరిగిన ఆడవాళ్లు, పన్నెండేళ్లు పెరిగిన ముసలాళ్లు, ఒక పేరుతో పుట్టి ఇంకో పేరుతో పోయినవాళ్లు అందులో బోలెడుమంది. అయినా కెనడా నుంచి, ఆస్ట్రేలియా నుంచి, న్యూజీలాండ్ నుంచి జనం విమానాలెక్కి ఆ కాగితాల కోసమే వస్తారు.

వాళ్ల దగ్గర ఉండే సమాచారం సాధారణంగా ఒకటి రెండు వాక్యాలు దాటదు. ముత్తాత స్కాట్లాండ్ నుంచి ఓడెక్కి వచ్చాడట, పేరు మెక్‌డొనాల్డట, ఏదో దీవి అట. ఈ 'అట'లన్నిటినీ పక్కన పెట్టి ఒక ఊరు, ఒక ఇల్లు, ఒక తేదీ పట్టుకోవడమే పని. దానికి అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకొచ్చేవి పాత జనాభా లెక్కల పుస్తకాలు.

భవనం కథ ముందు చెప్పాలి, ఎందుకంటే అందులో ఒక తిరకాసు ఉంది. 1774 జూన్‌లో పునాది రాయి పడింది. నమూనా గీసినవాడు రాబర్ట్ ఆడమ్, ఆ రోజుల్లో బ్రిటన్ అంతటా పేరు మోగిన వాస్తుశిల్పి. మరి డబ్బెక్కడిది? 1745లో స్టూవర్ట్ వంశపు రాకుమారుడి పక్షాన హైలాండ్స్ కొండసీమల్లోని కొన్ని తెగల పెద్దలు తిరగబడ్డారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 16న కల్లోడెన్ దగ్గర చిత్తుగా ఓడిపోయారు. ప్రభుత్వం వాళ్ల భూములు జప్తు చేసింది. ఆ జప్తు భూముల తాలూకు సొమ్ములోంచే 12,000 పౌండ్లు తీసి ఈ భవనానికి ఇచ్చారు. అదీ చాల్లేదు. గోడలు లేచాక పని ఆగిపోయి, ఆరేళ్లపాటు కప్పు లేకుండా పడి ఉంది. పావురాలు కాపురం పెట్టాయి. యూరప్ మొత్తంలో ఇంత ఘనమైన పావురాల గూడు ఇంకోటి లేదని ఊళ్లో వేళాకోళం చేసేవారు. 1780ల చివరికిగానీ వాడుకలోకి రాలేదు. ఆ రోజు ఓడిపోయినవాళ్ల మనవలూ మునిమనవలూ ఇప్పుడు సముద్రాలు దాటి వచ్చి, తాతల భూముల డబ్బుతో కట్టిన ఇంట్లోనే తాతల పేర్లు వెతుక్కుంటున్నారు. అందుకు ఫీజు కూడా కడుతున్నారు.

కాగితాలకు గట్టి ఇల్లు కావాలన్న ఆరాటం స్కాట్లాండుకు ఊరికే కలగలేదు. ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ సేనలు ఆ దేశపు దస్తావేజుల్ని లండన్‌కు పట్టుకుపోయాయి. 1660లో వాటిని ఓడలో తిప్పి పంపుతుంటే, ఓడ మునిగి 85 పీపాల కాగితాలు సముద్రం పాలయ్యాయి. నీటి గండం అలా గడిచింది. నిప్పు గండం రాకుండా 19వ శతాబ్దంలో పాత భవనం పక్కనే, రాతితో, ఇనుముతో న్యూ రిజిస్టర్ హౌస్ కట్టారు. రాబర్ట్ మాథెసన్ గీసిన ఆ భవనం నడిబొడ్డున ఎత్తైన గుమ్మటం, దాని చుట్టూ అయిదంతస్తుల ఇనుప అరలు. ఆ అరల్లో పుట్టుకల పుస్తకాలకు ఎర్ర అట్టలు, పెళ్లిళ్లకు ఆకుపచ్చవి, చావులకు నల్లవి. తలెత్తి చూస్తే దేశం మొత్తం మూడు రంగుల్లో కనిపిస్తుంది. ఇప్పుడు వెతికేవాళ్లు ఆ పుస్తకాలు ముట్టుకోరు. అన్నీ స్కాన్ అయిపోయాయి, కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలు. ఆ ఎర్ర అట్టలు పట్టుకుని తిప్పిన తరం అదృష్టవంతులని నాకు అనిపిస్తుంది.

జనన మరణాల నమోదు అక్కడ 1855 జనవరి 1న చట్టబద్ధంగా మొదలైంది. అంతకు ముందువన్నీ చర్చి రిజిస్టర్లే. వాటిలో మిగిలినవాటిలోకెల్లా పాతది పెర్త్‌షైర్‌లోని ఎరల్ గ్రామానిది, 1553 నాటిది. అయితే చర్చి రిజిస్టరులో ఉండేది పేరూ తేదీయే. మనిషి ఏం చేసి బతికాడో, ఇంట్లో ఎంతమందో, గది ఒకటా రెండా అన్నది జనాభా లెక్కలే చెప్పాలి. నిజానికి 1801లో మొదటి లెక్క తీసినప్పుడు సర్కారుకు పేర్లతో పని లేదు. తలలు లెక్కపెడితే చాలనుకున్నారు. 1831 దాకా అదే తీరు. ఆ పని ఎక్కువగా ఊరి బడిపంతుళ్ల నెత్తిన పడేది. కొందరు పంతుళ్లు తమ సౌకర్యానికి పేర్లు కూడా రాసిపెట్టుకున్నారు. అలాంటి జాబితా దొరికిన ఊరివాళ్లకు పండగే.

ఇంటింటా అందరి పేర్లూ రాయడం 1841 జూన్ 6 రాత్రి లెక్కతో మొదలైంది. కానీ ఆ మొదటి పుస్తకం వెతికేవాళ్లను ఏడిపిస్తుంది. పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును అయిదేళ్ల కిందికి సవరించి రాయమన్నారు. 34 ఏళ్లవాడు 30 అవుతాడు, 59 ఏళ్ల ముసలమ్మ 55 అవుతుంది. పుట్టిన ఊరు రాయలేదు, ఈ కౌంటీలో పుట్టాడా లేదా అని మాత్రం అడిగారు. ఒకే కప్పు కింద ఉన్నవాళ్లలో ఎవరు ఎవరికి ఏమవుతారో కూడా రాయలేదు. ముప్పై ఏళ్ల మగమనిషి, పాతికేళ్ల ఆడమనిషి, ముగ్గురు పిల్లలు కనిపిస్తే మొగుడూపెళ్లాలూ బిడ్డలూ అనేసుకుంటాం. అన్నాచెల్లెళ్లూ కావచ్చు, చచ్చిపోయిన అన్న పిల్లలూ కావచ్చు. పైగా ఫైఫ్ ప్రాంతంలో కర్కాల్డీ, కూపర్ లాంటి కొన్ని పారిష్‌ల, అంటే ఒక్కో చర్చి కిందికి వచ్చే ఊళ్ల, 1841 పుస్తకాలు అసలు మిగల్లేదు. అక్కడివాళ్లు పదేళ్లు ఆగి 1851 నుంచి మొదలుపెట్టాల్సిందే.

ఆ 1851 పుస్తకంలో ఒక పేజీ ఎలా ఉంటుందో చూద్దాం. మార్చి 30, ఆదివారం రాత్రి ఇంట్లో నిద్రపోయిన ప్రతి ఒక్కరినీ రాయాలి. ఎడమ అంచున వరస నంబరు, తర్వాత వీధి పేరు. ఆ పక్కన మనిషి పేరు, ఇంటి యజమానికి ఏమవుతారు, పెళ్లయిందా, వయసు. మగవాళ్ల వయసుకు ఒక గడి, ఆడవాళ్లకు ఇంకోటి. తర్వాత వృత్తి, ఆ తర్వాత అన్నిటికన్నా విలువైన గడి, పుట్టిన కౌంటీ, పారిష్. చివరన గుడ్డివారా, మూగచెవిటివారా అని. ఒక కుటుంబం అయిపోయినా, ఇల్లే అయిపోయినా గుర్తుగా గీత ఉంటుంది. ఈ గీతల్ని కొత్తవాళ్లు గమనించరు. ఎడిన్‌బరా, గ్లాస్గోల్లో ఒకే మెట్లదారి మీద పది కాపురాలుండేవి. గీత తప్పి చదివితే పక్కింటి బిడ్డ మన వంశంలో చేరిపోతాడు. పేజీ నిండా అడ్డదిడ్డంగా టిక్కులు కూడా ఉంటాయి. అవి తర్వాత కూడికలు చేసిన గుమాస్తాలవి. సరిగ్గా వయసు అంకె మీదే పడి ఉంటాయి. వాళ్లకు కావలసింది మొత్తం. నూటడెబ్బై ఏళ్ల తర్వాత ఒక మనవరాలు భూతద్దం పెట్టి ఆ అంకె మూడో ఎనిమిదో తేల్చుకోలేక తల పట్టుకుంటుందని వాళ్లకేం తెలుసు?

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఇంటివాళ్లు నింపి ఇచ్చిన అసలు ఫారాలు స్కాట్లాండ్‌లో మిగల్లేదు. మిగిలినవి ఎన్యూమరేటర్, అంటే ఇంటింటికీ తిరిగి లెక్క రాసేవాడు, వాటిని చూసి తన చేత్తో ఎక్కించిన పుస్తకాలు. ఇంగ్లండ్‌లో 1911 లెక్కకు ఇంటి యజమాని స్వయంగా నింపిన ఫారం, సంతకంతో సహా చూడొచ్చు. స్కాట్లాండ్‌లో 1911కి కూడా ఎన్యూమరేటర్ చేతిరాతే గతి. చదువు రాని ఇంట్లో అయితే ఫారం నింపింది కూడా అతనే. అంటే ఈ పుస్తకాల్లో ఉన్నది మన తాత చెప్పింది కాదు, ఎన్యూమరేటర్ చెవికి వినిపించింది.

ఆ చెవి సంగతి తెలియాలంటే గేలిక్ మాట్లాడే వాయవ్య సీమకు, దీవులకు పోవాలి. ఇంట్లో అందరూ తోర్మోద్ అని పిలిచే మనిషి పుస్తకంలో నార్మన్ అవుతాడు. ఈహన్ అనేవాడు హెక్టర్. గిలెస్పిక్ అనేవాడు ఆర్చిబాల్డ్. మోరగ్ అనే అమ్మాయిని ఒక ఎన్యూమరేటర్ మారియన్ అని, ఇంకొకాయన సారా అని రాస్తాడు. డొనాల్డ్ ఒక లెక్కలో డొనాల్డే, పదేళ్లకు డేనియల్. వీళ్లలో ఎవరూ పేరు మార్చుకోలేదు. ఇంగ్లిష్ ఫారంలో గేలిక్ పేరుకు చోటు లేక దగ్గరగా ఉందనుకున్న ఏదో ఒక ఇంగ్లిష్ పేరు తగిలించారు. కంప్యూటర్లో సారా అని కొట్టి దొరకలేదని లేచి వెళ్లిపోయేవాళ్లకు మారియన్ పక్క పేజీలోనే ఉంటుంది. ఇంతకీ ఆ భాష గురించి అడగాలన్న ఆలోచన సర్కారుకు 1881లోగానీ రాలేదు. ఆ ఏడు గేలిక్ మాట్లాడేవారు 2,31,594 మందని తేలింది. 1891 నుంచి గేలిక్ ఒక్కటే వచ్చా, ఇంగ్లిష్ కూడా వచ్చా అని విడివిడిగా రాశారు. ఒకే ఇంట్లో అవ్వకు గేలిక్ మాత్రమే, కొడుక్కి రెండూ, బడికి పోయే మనవడికి ఇంగ్లిష్ ఒక్కటే. ఒక భాష ఇల్లు ఖాళీ చేసి వెళ్లడం మూడు వరసల్లో కనపడే ఇలాంటి పేజీలు చాలా ఉన్నాయి.

పేదరికం విషయంలో మాత్రం ఈ పుస్తకాలు నిజాయితీగా ఉంటాయి. 1861లో ఒక కొత్త గడి చేర్చారు. ఇంట్లో కిటికీ ఉన్న గదులెన్ని? ఆ లెక్కకు వచ్చిన జవాబు చూసి పెద్దమనుషులు ఉలిక్కిపడ్డారు. దేశంలో మూడో వంతు ఇళ్లు ఒంటిగది ఇళ్లే. దాదాపు ఎనిమిది వేల కుటుంబాలు కిటికీ అన్నదే లేని గదుల్లో ఉంటున్నాయి. వంశవృక్షం గీసుకునేవాళ్లు ఈ గడిని వదిలేసి పేర్ల మీదకి పోతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది అదే. తాత, నాయనమ్మ, ఆరుగురు పిల్లలు, ఒక అద్దెకున్న మనిషి, మొత్తం తొమ్మిదిమంది, పక్కన '1' అన్న అంకె. ఆ కుటుంబం ఓడెందుకెక్కిందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

1911 లెక్కలో ఇంకా బరువైన గడి ఉంది. పెళ్లయిన స్త్రీని మూడు ప్రశ్నలడిగారు. పెళ్లయి ఎన్నేళ్లయింది, ప్రాణంతో పుట్టిన పిల్లలెందరు, ఇప్పుడు బతికున్నవారెందరు. పిల్లలెందరు పుడుతున్నారు, ఎందరు నిలుస్తున్నారు అన్నది తేల్చుకోవడానికి సర్కారు పెట్టిన ప్రశ్నలివి. కానీ 'పదకొండు', ఆ పక్కన 'ఆరు' అని కనిపించినప్పుడు చదివేవాళ్లు ఆగిపోతారు. మిగతా అయిదుగురి పేర్లు ఆ పుస్తకంలో ఉండవు. రెండు లెక్కల మధ్య పదేళ్లలో పుట్టి పోయినవాళ్లు ఏ పేజీలోనూ కనపడరు. వాళ్ల కోసం ఎర్ర పుస్తకాలూ నల్ల పుస్తకాలూ తిరగేయాలి. అదే ఏడు ఓటుహక్కు కోరుతున్న మహిళలు కొందరు, మనుషులుగా లెక్కలోకి రాని మాకు మీ లెక్కలెందుకని ఆ రాత్రి ఇంట్లో లేకుండా పోయారు. అలాంటి ముత్తవ్వ పుస్తకంలో దొరక్కపోతే దిగులు పడక్కర్లేదు, గర్వపడొచ్చు.

పేర్ల దగ్గర మన తెలుగువాళ్లకు చప్పున అర్థమయ్యే పద్ధతి ఒకటుంది. స్కాట్లాండ్‌లో చాలా కుటుంబాలు పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టేవి. పెద్దమ్మాయికి అమ్మమ్మ పేరు, రెండో అమ్మాయికి నాయనమ్మ పేరు. తాత పేరు మనవడికి పెట్టుకునే మనలాంటి వాళ్లకు ఇందులో వింతేమీ లేదు. వెతికేవాళ్లకు మాత్రం ఇది తాళంచెవి. 1851లో పిల్లల వరస చూసి, 1780ల్లో పుట్టిన తాతల పేర్లు ఊహించొచ్చు. కాకపోతే ఒక చిక్కు. పెద్దాడు పసితనంలో పోతే అదే పేరు తర్వాత పుట్టినవాడికి మళ్లీ పెట్టేవారు. ఇద్దరు జేమ్స్‌లు ఒకే తల్లికి. మొదటి జేమ్స్ పుట్టిన తేదీ తెచ్చి రెండో జేమ్స్‌కు అతికించిన వంశవృక్షాలు లోకమంతటా గోడలకు వేలాడుతున్నాయి.

ఈశాన్య తీరంలో బకీ, ఫిండాక్టీ లాంటి బెస్త పల్లెల్లో చిక్కు ఇంకో రకం. ఊరు ఊరంతా రెండు మూడు ఇంటిపేర్లలోనే ఉండేది. కౌవీలు, స్మిత్‌లు, ఫ్లెట్‌లు. పేర్లు కూడా తాతలవే కనుక ఒకే జాన్ స్మిత్ వీధికిద్దరు. అందుకని ప్రతి కుటుంబానికీ ఒక మారుపేరు తగిలించి దాంతోనే పిలుచుకునేవారు. ఆ మారుపేర్లు సర్కారు కాగితాల్లోకి కూడా ఎక్కాయి. ఆడవాళ్ల విషయంలో స్కాట్లాండ్ ఒక మేలు చేసింది. పెళ్లయినా పుట్టింటి ఇంటిపేరు చట్టం దృష్టిలో పోదు. మరణ రిజిస్టరులో రెండు పేర్లూ రాస్తారు, ఆమె తల్లి పుట్టింటి పేరుతో సహా. సమాధి రాళ్ల మీద కూడా చాలాచోట్ల పుట్టింటి పేరే. మొగుడి ఇంటిపేరులో ఆడవాళ్లు మాయమైపోయే ఇంగ్లిష్ రికార్డులతో వేగినవాళ్లు ఇక్కడికొచ్చి ఊపిరి పీల్చుకుంటారు.

పేరు మారితే ఏమవుతుందో చెప్పడానికి కీర్ హార్డీని మించిన ఉదాహరణ దొరకదు. బ్రిటిష్ కార్మికోద్యమానికి తొలి పెద్దల్లో ఒకడు, 1907లో మన దేశం కూడా వచ్చి వెళ్లాడు. 1856 ఆగస్టు 15న లానార్క్‌షైర్‌లో ఒక ఇంటి పనిమనిషికి, పెళ్లి కాకుండా పుట్టాడు. జనన రిజిస్టరులో పేరు జేమ్స్ కెర్. తర్వాత తల్లి డేవిడ్ హార్డీ అనే ఓడల వడ్రంగిని పెళ్లాడింది. పిల్లవాడు జేమ్స్ కీర్ హార్డీ అయ్యాడు. హార్డీ అన్న పేరుతో ఎర్ర పుస్తకం వెతికితే అతను పుట్టనే లేదు. అంతటి పేరున్న మనిషి కనుక చరిత్రకారులు తేల్చారు. ఊరూపేరూ లేనివాడి మనవలకు ఆ ఒక్క ముడి విప్పడానికి ఏళ్లు పడుతుంది.

దీవుల పుస్తకాల్లో మరో రకం పిల్లలు కనిపిస్తారు. టైరీలోనో, యూయిస్ట్‌లోనో ఒక చిన్న రైతు ఇంట్లో, సొంత పిల్లల వరస అయిపోయాక, వేరే ఇంటిపేరుతో ఇద్దరు పిల్లలు. యజమానికి ఏమవుతారన్న గడిలో 'బోర్డర్' అని, పుట్టిన ఊరు గ్లాస్గో అని ఉంటుంది. అనాథలనో, దిక్కులేనివారనో నగరం పంపించిన పిల్లలు వాళ్లు. పెంచినందుకు నగరం కొంత డబ్బిచ్చేది. ఇంగ్లిష్ తప్ప తెలియని పిల్లలు గేలిక్ ఇళ్లలో పడ్డారు. పదేళ్ల తర్వాతి లెక్కలో కొందరు అదే ఇంట్లో, రెండు భాషలూ వచ్చినవారిగా కనిపిస్తారు. కొందరు ఎక్కడా కనిపించరు.

అసలు పుస్తకాలు మొదలయ్యేసరికే వెళ్లిపోయినవారి మాటేమిటి? గొర్రెలకు మేత కోసం లోయలకు లోయలే ఖాళీ చేయించిన భూస్వాముల కథ స్కాట్లాండ్ చరిత్రలో మానని పుండు. సదర్లాండ్‌లో ఆ పని 1810ల్లోనే జరిగిపోయింది. 1841కి ఆ ఊళ్లలో లెక్కించడానికి గొర్రెల కాపరి తప్ప ఎవరూ లేరు. 1845లో గ్లెన్‌కాల్వీ లోయవాళ్లను వెళ్లగొట్టినప్పుడు వాళ్లు క్రోయిక్ చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. చర్చి లోపల చోటు తీసుకోలేదు, బయట సమాధుల మధ్యే ఉన్నారు. వెళ్లేముందు కిటికీ అద్దాల మీద తమ గోడు గీకి పెట్టారు. ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి. 1841కీ 1851కీ మధ్య ఒక కుటుంబం పుస్తకంలోంచి మాయమైతే సాధారణంగా చావో వలసో అనుకుంటాం. ఇలాంటి లోయల్లో మూడో సంగతి కూడా ఉంటుంది.

వింత లెక్కలు కూడా ఉన్నాయి. అట్లాంటిక్‌లో విసిరేసినట్టుండే సెయింట్ కిల్డా దీవి జనాన్ని 1764 జూన్‌లో ఎవరో లెక్కించి రాసిన కాగితం ఒక జమీందారీ కుటుంబపు దస్త్రాల్లో 2016లో బయటపడింది. మొత్తం 90 మంది, మగవారు 38, ఆడవారు 52. మనిషికి రోజుకు 36 సముద్రపక్షుల గుడ్లు, 18 పక్షులు తిండి అని కూడా రాశాడు. ఆ తిండి లెక్కను నేను నమ్మను. పేర్లు మాత్రం నమ్ముతాను. ఆ దీవిలో చివరికి మిగిలిన 36 మందిని 1930 ఆగస్టు 29న ఓడలో తరలించారు. ఇప్పుడక్కడ స్థానికులంటూ ఎవరూ లేరు.

మన వైపు నుంచి ఎడిన్‌బరాలోని ఆ దస్తావేజుల భవనానికి రెండు మూడు దారులున్నాయి. లూయిస్ దీవిలోని స్టోర్నోవే ఊరివాడు కాలిన్ మెకంజీ 1783లో మద్రాసు చేరాడు. ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామిల సాయంతో మన ఊళ్ల కైఫీయతులు, వంశావళులు, శాసనాలు బళ్ల కొద్దీ పోగుచేయించాడు. మన పూర్వీకుల గురించి అంత రాయించిన మనిషి తాను పుట్టిన తేదీ మాత్రం కచ్చితంగా తేలదు. 1753 అని కొందరు, 1754 అని కొందరు రాస్తారు. రాయలసీమ రైతుకు నేటికీ తెలిసిన సర్ థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టి, 1827 జులై 6న కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో పోయాడు. అక్కడివాళ్లు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారని చెప్పుకుంటారు. ఈ ఇద్దరూ పేర్ల లెక్క మొదలయ్యేలోపే కన్ను మూశారు కనుక ఆ పుస్తకాల్లో దొరకరు.

తర్వాతి కాలంలో వచ్చిన సిపాయిలు, రైలింజన్ల మనుషుల సంగతి వేరు. లాలాగూడ, కాజీపేట లాంటి రైల్వే కాలనీల్లో ఉండిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో స్కాటిష్ ఇంటిపేర్లు కనిపిస్తాయి. ఆ ముత్తాత స్కాట్లాండ్‌లో ఉన్నంతకాలం జనాభా లెక్కలో ఉంటాడు, ఓడెక్కాక మాయమవుతాడు. అక్కడి నుంచి పట్టుకోవాలంటే మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు చూడాలి. అవి ఏటా లండన్‌కు పంపేవారు, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మన దేశపు జనాభా లెక్కలు ఈ పనికి రావు. 1948 జనగణన చట్టం ప్రకారం ఇంటింటి వివరాలను ఎవరూ తనిఖీ చేయడానికి వీల్లేదు, కోర్టులో సాక్ష్యంగా కూడా చెల్లవు. స్కాట్లాండ్‌లో నూరేళ్లు దాచి తర్వాత తలుపు తీస్తారు. మనకు తలుపే లేదు.

వెతకాలనుకునేవారికి అనుభవజ్ఞులు చెప్పేది ఒకటే. తెలిసిన తాత నుంచి వెనక్కి వెళ్లాలి. ఎప్పటివాడో స్కాట్లాండ్ రాజు బ్రూస్ దగ్గర మొదలుపెట్టి ముందుకు రాకూడదు. ఇప్పటికి తెరిచిన పుస్తకాల్లో చివరిది 1921ది. బొగ్గు గనుల గొడవల వల్ల ఆ లెక్క ఏప్రిల్ నుంచి జూన్ 19కి వాయిదా పడింది. వేసవి కావడంతో సముద్రతీరపు ఊళ్లలో సెలవులకు వచ్చినవాళ్లు కూడా అక్కడే లెక్కలోకెక్కారు, తాత సొంతింట్లో దొరక్కపోతే ఆశ వదులుకోకండి. స్కాట్లాండ్స్‌పీపుల్ అనే సర్కారు వెబ్‌సైట్‌లో ఒక్కో పేజీ చూడటానికి సుమారు ఒకటిన్నర పౌండు పడుతుంది. 1881 సూచిక వాలంటీర్లు తయారుచేసింది, ఫ్యామిలీసెర్చ్‌లో ఉచితం. ఐర్లండ్ నుంచి గ్లాస్గోకు వచ్చిన కుటుంబమైతే మాత్రం ముందే మనసు గట్టి చేసుకోవాలి. పుట్టిన చోటు గడిలో 'ఐర్లండ్' అని ఒక్క మాటే ఉంటుంది చాలాసార్లు. అక్కడి పాత జనాభా లెక్కల్లో చాలా భాగం 1922లో డబ్లిన్‌లో కాలిపోయింది.

ఇంగ్లండ్, వేల్స్‌ల 1931 లెక్క కూడా 1942 డిసెంబరులో గోదాములో పూర్తిగా కాలిపోయింది. స్కాట్లాండ్ 1931 పుస్తకాలు ఎడిన్‌బరాలో వేరుగా ఉండబట్టి క్షేమంగా ఉన్నాయి. నూరేళ్ల గడువు ముగిశాక 2032లో వాటిని తెరుస్తారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ల దాకా కొత్త పుస్తకం లేదు. 1941లో యుద్ధం వల్ల లెక్కే తీయలేదు.